వంద రాలేదని కొట్టేయించకండి

సైన్సు టీచరమ్మను అడగండి

బడులు తెరిచి నెల దాటింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తరగతిలో ప్రయోగాల గురించే ఉన్నాయి, నాకు చాలా సంతోషమేసింది. చిత్తూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లు తిరుగుతూ 31 ఏళ్లు ఫిజికల్ సైన్సు చెప్పాను. ఇప్పుడు రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. చేసి చూసినవాటి గురించే రాస్తాను.

ప్రశ్న: మేడమ్, నీరు మరిగే ఉష్ణోగ్రత కొలిచే కృత్యం చేయిస్తే మా బడిలో ఒక్క గ్రూపుకు కూడా 100 డిగ్రీలు రావడం లేదు. ఎంతసేపు మరిగించినా 97, 98 దగ్గరే ఆగిపోతోంది. థర్మామీటర్లు పాతవి కదా అనుకుని, మార్కులు పోతాయని రికార్డులో 100 అని రాయించాను. పిల్లలు నా మొహంలోకి అదోలా చూశారు. తప్పు చేశానా?
– ఒక ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: మాస్టారూ, మీ పిల్లలు చక్కగా కొలిచారు. రేపు బడికి వెళ్లగానే ఆ మాట వాళ్లకు చెప్పండి.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగేది సముద్ర మట్టం దగ్గర. పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంది. చిత్తూరులో బస్సెక్కి మొగిలి ఘాట్ దాటగానే గాలి చల్లబడుతుంది చూడండి, అంత ఎత్తుకు వచ్చేశామన్నమాట. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంలో కన్నా నూటికి సుమారు 8 వంతులు తక్కువ. నీళ్ల లోపల పుట్టిన ఆవిరి బుడగ ఆ ఒత్తిడికి నలిగిపోకుండా నిలబడి పైకి రాగలిగితేనే నీళ్లు మరిగినట్టు. ఒత్తిడి తక్కువైతే ఆ పని కాస్త ముందుగానే జరిగిపోతుంది. 300 మీటర్లు పైకి పోతే సుమారు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క వేసుకోండి. పలమనేరులో రావలసింది 97.7. మన బడి థర్మామీటరులో గీతకూ గీతకూ మధ్య ఒక డిగ్రీ ఉంటుంది కాబట్టి 97 అన్నవాళ్లూ, 98 అన్నవాళ్లూ ఇద్దరూ ఉన్నది ఉన్నట్టు చూసినవాళ్లే.

మీరు చేసిన పని నేనూ చేశాను. 1992లో పడమటి మండలాల్లో ఒక హైస్కూల్లో ఉండగా ఇన్‌స్పెక్షన్ వస్తోందన్నారు. రికార్డులు తిరగేస్తుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి 98 అని రాసి ఉంది. పిలిచి కొట్టేయించి 100 రాయించాను. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. స్కేలు పెట్టి 98 మీద నీలం సిరాతో తిన్నగా ఒక గీత గీసి, పక్కన 100 రాసి, పుస్తకం మూసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏడాదంతా ఏ కృత్యం చేయించినా ముందు పుస్తకంలో జవాబు చూసుకుని, అదే రీడింగుగా రాసేది. నేను నేర్పిందే కదా! ఆ ఊరి ఎత్తు ఎంతో కనుక్కోవాలని నాకు తట్టేసరికి ఆమె పదో తరగతి కూడా దాటిపోయింది. ఎదురుపడితే చెప్పాలని ఇప్పటికీ ఉంది.

మీకింకా సమయం ఉంది. ఆ రికార్డులు వెనక్కిచ్చి, చూసిన అంకెలే మళ్లీ రాయించండి. రాశాక ఒకే ఒక ప్రశ్న వేయండి: "మనకు వంద ఎందుకు రాలేదు?" జవాబు మీరు చెప్పకండి. మా పిల్లలైతే నాలుగు కారణాలు చెప్పేవారు. థర్మామీటరు చెడిపోయింది, మంట చాలలేదు, బోరు నీళ్లు మంచివి కావు, ఊరు ఎత్తున ఉంది. నాలుగూ బోర్డు మీద రాసేయండి. ఏది తప్పో ఏది ఒప్పో మీ మొహం చూసి పసిగట్టేస్తారు, జాగ్రత్త.

తర్వాత ఒక్కొక్కటీ తేల్చమనండి. థర్మామీటరును కరిగే ఐసు ముక్కల్లో పెడితే సున్నా చూపించాలి, చూపించకపోతే ఎంత తేడా ఉందో రాసుకోవాలి. స్పిరిట్ ల్యాంపు ఒకటి కాకుండా రెండు పెట్టి చూడమనండి. నీళ్లు తొందరగా మరుగుతాయి, తళతళా తెర్లుతాయి, అంకె మాత్రం కదలదు. నీళ్ల సంగతి తేల్చడం అన్నిటికన్నా బాగుంటుంది. లీటరు నీళ్లలో 60 గ్రాముల దాకా ఉప్పు కలిపి మరిగిస్తే రీడింగు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఉప్పు వల్ల పెరుగుతుందే గానీ తగ్గదని కళ్లారా చూశాక, "బోరు నీళ్ల వల్ల తగ్గింది" అన్న పిల్లాడు తన మాట తానే వెనక్కి తీసుకుంటాడు. మీరు కాదనాల్సిన పనే ఉండదు. థర్మామీటరు బల్బు బీకరు అడుగును తాకకుండా చూడండి, రీడింగు కన్ను ఎదురుగా పెట్టి చూడాలని గుర్తుచేయండి.

ఎత్తు సంగతి తేల్చాలంటే అదే థర్మామీటరు చిత్తూరు దిగాలి. అక్కడ మీకు తెలిసిన టీచరు ఎవరో ఒకరు ఉంటారు. చిత్తూరు 300 మీటర్ల పైచిలుకు ఎత్తు, 99 దగ్గర రావాలి. తిరుపతిలో ఇంచుమించు 99.5. తిరుమల కొండ సుమారు 850 మీటర్లు, అక్కడ 97 పైన కొంచెం. ఈ అంకెలు మీకోసం రాస్తున్నాను, పిల్లలకు ముందుగా చెప్పేయకండి. మూడు ఊళ్ల రీడింగులు చేతికొచ్చాక గ్రాఫు గీయమనండి. ఎత్తు పెరిగేకొద్దీ గీత దిగడం చూసి వాళ్లే చెబుతారు.

పరీక్షలో 100 రాయాలా 98 రాయాలా అని అడుగుతారు. సముద్ర మట్టం దగ్గర 100, మా ఊళ్లో 98 అని రాయమనండి.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతిలో 54 మంది. పీరియడు 40 నిమిషాలు. ప్రయోగాలు చేయిస్తూ, పిల్లల చేత ప్రశ్నలు వేయిస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికి అయ్యేను? పైగా గోల గోలగా ఉందని హెడ్‌మాస్టరు గారు కిటికీలోంచి చూస్తున్నారు. టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక ఉపాధ్యాయిని, పుత్తూరు

జవాబు: అమ్మా, అన్ని పాఠాలూ అలా చెప్పడం ఎవరివల్లా కాదు. నావల్లా కాలేదు. పదిహేను రోజులకు ఒక్కటి ఎంచుకుని దాన్ని మాత్రం పూర్తిగా చేయించేదాన్ని. మిగతా రోజులు మామూలుగా పాఠం చెప్పండి, అందులో తప్పేం లేదు.

మొదట లోలకంతో మొదలుపెట్టండి. దారం, రాళ్లు, ఒక వాచీ ఉంటే చాలు, ల్యాబు తాళం చెవి కోసం ఎదురుచూడక్కర్లేదు. నలుగురేసి కూర్చోబెట్టండి. ఒకరు దారం పట్టుకుంటారు, ఒకరు ఊపులు లెక్కపెడతారు, ఒకరు టైం చూస్తారు, ఒకరు రాస్తారు. దారం కట్టకముందే అందరూ పెన్నుతో ఒక మాట రాయాలి: బరువైన రాయి కడితే తొందరగా ఊగుతుందా, నిదానంగా ఊగుతుందా, తేడా ఉండదా? పెన్సిలైతే చెరిపేస్తారు, పెన్నే ఉండాలి. మా తరగతుల్లో ఎప్పుడూ ముప్పాతిక మంది "బరువుదే తొందరగా" అని రాసేవారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. రాయి వదులుతూనే "ఒకటి" అంటారు పిల్లలు. దాంతో పది ఊపులనుకున్నది తొమ్మిదే అవుతుంది, గ్రూపుకో అంకె వస్తుంది. వదిలేటప్పుడు "సున్నా" అనాలి, పోయి తిరిగొచ్చాక "ఒకటి". ఇది కూడా నేను ముందు చెప్పేదాన్ని కాదు. బోర్డు మీద ఒకరికి 18, ఒకరికి 20 అని పడ్డాక, ఎందుకిలా అని వాళ్లే ఒకరి లెక్క ఒకరు విని పట్టుకునేవారు. ఆ పది నిమిషాలు వృథా పోలేదు, కొలవడమంటే ఏమిటో వాళ్లకు అక్కడే తెలిసింది.

దారం ఒక మీటరుంటే పది ఊపులకు 20 సెకన్లు. చిన్న రాయైనా పెద్ద రాయైనా అంతే. దారం 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే 10 సెకన్లు. ఇప్పుడు 50 సెంటీమీటర్లకు ఎంత వస్తుందని అడగండి. లెక్కల్లో చురుకైన వాళ్లు 13 అని ఒకరు, 15 అని ఒకరు పందెం కాస్తారు. వచ్చేది 14. ఎందుకో ఆ రోజే తేలకపోయినా ఫర్వాలేదు, గంట కొట్టనివ్వండి. మర్నాడు మీరు తరగతిలోకి అడుగుపెట్టకముందే అడుగుతారు.

దారం పొడవు ఎలా కొలవాలన్నది మాత్రం ముందే చెప్పేయండి. కట్టిన చోటు నుంచి రాయి మధ్య వరకు కొలవాలి. అన్నీ పిల్లలే కనుక్కోవాలని పట్టుబడితే పీరియడు కాస్తా అయోమయంలో గడిచిపోతుంది. దేన్ని చెప్పాలో, దేన్ని దాచాలో మీరు ముందు రోజు రాత్రే నిర్ణయించుకోండి.

హెడ్‌మాస్టరు గారిని లోపలికి పిలిచి ఒక దారం ఆయన చేతికివ్వండి. మా బడిలో ఒక పెద్దాయన అలాగే కిటికీ దగ్గర నిలబడి, చివరికి లోపలికొచ్చి తానే "సున్నా" అని మొదలుపెట్టారు. ఆ తర్వాత గోల గురించి మాట్లాడలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి, ప్రైవేటు స్కూలు. ప్రయోగాలన్నీ స్క్రీన్ మీద వీడియోలే. ఆమ్లం, క్షారం నిర్వచనాలు గడగడా అప్పజెబుతాడు, నిమ్మకాయ ఏదిరా అంటే తెల్లమొహం వేస్తాడు. ఇంట్లో ఏమైనా చేయించవచ్చా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: చేయించవచ్చమ్మా, మీ వంటిల్లు చాలు. పిల్లలకు దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలుపుతాం కదా, పసుపు, సున్నం వేసి. బాబును పక్కన నిలబెట్టుకుని కలపండి. "పసుపు పచ్చగా ఉంది, సున్నం తెల్లగా ఉంది, ఈ ఎరుపు ఎక్కడిది?" అని అడిగి ఊరుకోండి. తర్వాత ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వేయమనండి. సున్నం మాత్రం మీరే వేయండి, కళ్లలో పడితే ప్రమాదం.

రెండో రోజు ఎర్ర మందారాలు నాలుగైదు తెచ్చి, రెక్కలు వేడి నీళ్లలో నానబెట్టి వడగట్టండి. ఆరు చిన్న గ్లాసుల్లో పోసి నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ తేట, వంట సోడా నీళ్లు, సబ్బు నీళ్లు, మామూలు కుళాయి నీళ్లు ఒక్కోదానిలో ఒక్కోటి కలపమనండి. ఏ రంగులు వస్తాయో నేను రాయడం లేదు. మీరు చదివేసి నోరు జారితే వాడికి చూడాల్సింది ఏమీ మిగలదు. కలిపేముందు ఏది దేనితో జట్టు కడుతుందో వాడి చేత రాయించండి. ఆ గ్లాసుల్లోవి రుచి చూడకూడదని గట్టిగా చెప్పండి.

సెలవు రోజు అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. అక్కడ అన్నీ తాకి, తిప్పి చూడవచ్చు. గంటలో అన్నీ చూపించేయాలని లాక్కెళ్లకండి. ఒక్క బల్ల దగ్గరే అరగంట నిలబడతానంటే నిలబడనివ్వండి.

ప్రశ్న: నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. పిల్లల్ని ప్రశ్నలు అడగమంటే నాకు తెలియనివి అడుగుతున్నారు. తెలియదంటే పరువు పోదా మేడమ్?
– ఒక ఉపాధ్యాయుడు, సత్యవేడు

జవాబు: పోదు నాయనా. ఎలా పోదో ఒకటి చెబుతాను.

పళ్లెంలో నీళ్లు పోసి, వెలిగే కొవ్వొత్తి నిలబెట్టి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. దీపం ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో అయిదో వంతు ఆక్సిజన్, అదంతా మండిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి" అని నాకు చెప్పారు, నేనూ పదేళ్లకు పైగా అదే చెప్పాను. ఒకరోజు చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఆక్సిజన్ అయిపోతా ఉంటే నీళ్లు మెల్లిగా ఎక్కాల గదా? దీపం ఆరిపోయినాకనే జర్రున ఎక్కినాయి" అంది.

అన్నేళ్లు నా కళ్ల ముందే జరుగుతున్నా నేను చూడలేదు. తరగతిలో అందరూ నావైపే చూస్తున్నారు. "నాకు తెలియదు, రేపు చూద్దాం" అన్నాను. ఆ రాత్రి వంటింట్లో కూర్చుని మళ్లీ మళ్లీ చేశాను. ఆ పిల్ల చెప్పింది నిజం. పైగా గ్లాసు బోర్లించేటప్పుడు అంచు దగ్గర చిన్న చిన్న బుడగలు బయటికి పోతున్నాయి. మర్నాడు పిల్లల ముందు అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టాం. నీళ్లు ఒక కొవ్వొత్తికన్నా ఎక్కువ ఎత్తుకు ఎక్కాయి. గ్లాసు అదే, అందులో పట్టే ఆక్సిజన్ అంతే. మరి ఎక్కువెందుకు ఎక్కాయి?

మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. దీపం ఆరగానే లోపలి గాలి చల్లారి ముడుచుకుంటుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. ముఖ్యంగా జరిగేది ఇదే. దీపం ఆరేసరికి ఆక్సిజన్ చాలావరకు ఇంకా లోపలే ఉంటుంది, మంట నిలవడానికి చాలదంతే.

అయిదో వంతు సంగతి చూపించాలంటే లేత్ షాపులో ఇనుప రజను తెచ్చుకోండి. పరీక్షనాళికను లోపల తడిపి, రజను చల్లి అంటించి, నీళ్లలో బోర్లించి రెండు మూడు రోజులు వదిలేయండి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్ తీసుకుంటుంది, నీళ్లు మెల్లిగా ఎక్కి నాళికలో అయిదో వంతు దగ్గర ఆగుతాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు దీనికి పనికిరాదు, దానికి తుప్పు పట్టదు.

ఆ తర్వాత ఆ తరగతిలో పిల్లలు నన్ను అంతకుముందుకన్నా ఎక్కువే అడిగేవారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. "రేపు చూద్దాం" అన్నాక మర్నాడు చూడాల్సిందే. మర్చిపోతే మాత్రం పరువు నిజంగానే పోతుంది.

ప్రశ్న: టీచరమ్మా, నేను ఏడో తరగతి. కర్ర నీళ్లలో తేలుతుందని మా బడిలో చెప్పినారు. మా అవ్వ దసరా కొలువులో పెట్టే మరపాచి బొమ్మను బకెట్లో వేస్తే మునిగిపోయింది. అవ్వ తిట్టింది. బొమ్మ కర్రదే. ఎందుకు మునిగింది?
– ఒక విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ముందు అవ్వకు సారీ చెప్పి, బొమ్మను మెత్తటి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు.

మరపాచి బొమ్మలు ఎర్రచందనంతో చేసేవారు, మీదీ అదే అయి ఉంటుంది. మీ ఊరికి దగ్గర్లోనే ఉన్న శేషాచలం కొండల్లో పెరిగే చెట్టు అది. ఏ కర్రైనా అసలు పదార్థం నీళ్లకన్నా ఒకటిన్నర రెట్లు బరువు. మరి మామిడి చెక్క, బూరుగు చెక్క ఎందుకు తేలుతాయంటావా? వాటి లోపల కంటికి కనిపించని గదులు ఉంటాయి, వాటి నిండా గాలి ఉంటుంది. ఎర్రచందనం చేవ అలా కాదు, బాగా బిగువుగా ఉంటుంది, గాలికి చోటు తక్కువ.

నా మాట నమ్మేయకుండా నువ్వే కొలిచి చూడు. అవ్వను అడిగి, బొమ్మను కిరాణా కొట్టుకు తీసుకెళ్లి డిజిటల్ తక్కెడ మీద ఎన్ని గ్రాములో తూయించు. ఒక గిన్నె నిండా అంచు దాకా నీళ్లు పోసి పళ్లెంలో పెట్టు. బొమ్మను మెల్లిగా పూర్తిగా ముంచితే నీళ్లు పళ్లెంలోకి పొర్లుతాయి. ఆ నీళ్లను దగ్గు మందు సీసా మూతతో కొలువు, మూత మీద గీతలుంటాయి, ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము. తర్వాత ఇంట్లో ఉన్న ఇంకో చెక్క వస్తువుకు, గరిటెకో పప్పుగుత్తికో, అదే లెక్క చేయి. తేలేదాన్ని ముంచాలంటే పైనుంచి పుల్లతో నొక్కాలి. రెండు వస్తువులకూ బరువు ఎంత, పొర్లిన నీళ్లు ఎన్ని, నాలుగు అంకెలూ కార్డు మీద రాసి పంపు. ఏ అంకె వస్తే అదే రాయి, దిద్దవద్దు.